సోమవారం పోయే చెయ్యి

ఒల్వెన్యాకి ప్రతి సోమవారం పొద్దున ఒంట్లో ఏదో ఒకటి పోయేది. ఒక వారం కుడిచెయ్యి పోయేది, ఒక వారం చూపు పోయేది, ఇంకో వారం చెవులు. పోయినదేదైనా సరే, శుక్రవారం సాయంత్రానికి క్షేమంగా తిరిగొచ్చేది. శనివారం ఆయన ఫుట్‌బాల్ చూడాలి, రిఫరీని తిట్టాలి, దానికి అవయవాలన్నీ కావాలి.

కిసుము ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కిబూయే సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు దూరం నుంచే కేకేసేవాళ్ళు.

"ఒల్వెన్యా, ఈ వారం ఏం పోయింది?"

"కుడిచెయ్యమ్మా."

"అయ్యో పాపం. పోయినవారం పోయిన కళ్ళు దొరికాయా మరి?"

"దొరికాయి. నీ చేప నిన్నటిదని బాగా కనిపిస్తోంది."

ఇంట్లో మాత్రం ఆయన భార్య నవ్వేది కాదు. గిన్నెలు కడిగే వంతు వచ్చిన వారమే ఈయన చేతులు ఎందుకు పోతాయని ఆవిడ చర్చిలో నలుగురి ముందూ అడిగేసింది.

చూసేవాళ్ళకి పిచ్చిలా ఉన్నా ఇది ఆయన వ్యాపారం. సంత ఎదురుగా, సైకిల్ సామాన్ల కొట్టు పైన ఆయనకో చిన్న కంపెనీ ఉండేది. ఊళ్ళో షాపులవాళ్ళ, హోటళ్ళవాళ్ళ వెబ్‌సైట్లని అందరూ వాడుకోగలిగేలా బాగుచేసి పెట్టడం దాని పని. అందరూ అంటే నిజంగా అందరూ. చూపు లేనివాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు, వినపడనివాళ్ళు, పగిలిన ఫోన్ పట్టుకుని ఎండలో నిలబడ్డవాళ్ళు. ఏ వారం ఏది పోతే ఆ వారం అది లేకుండానే ఒల్వెన్యా వెబ్‌సైట్లలో సరుకులు కొనబోయేవాడు. కొనలేకపోతే తిన్నగా ఆ షాపుకెళ్ళి, యజమాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు.

"నీకు ఏ బేరం అక్కర్లేదు?"

ఆ కంపెనీలో ఆయన కాక ఇద్దరే. కంప్యూటర్ పనంతా అపోండిది. చదువు ముగించి ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరుగుతున్న ఆ పిల్లని ఒల్వెన్యా పిలిచి కుర్చీ చూపించాడు. తప్పులు పట్టే పని రిస్పర్‌ది. రిస్పర్‌కి పుట్టుకతో చూపు లేదు, నోరు మాత్రం ఇద్దరి పెట్టు. ఆవిడ ఫోన్ తెర మీదున్నదంతా పైకి చదివి వినిపించేది, అదీ ఎంత వేగంగా అంటే పక్కవాళ్ళకి మందాజీ బూరెలు నూనెలో వేగుతున్న చప్పుడులా ఉండేది. ఆ చప్పుడులోంచే ఆవిడ ధర, సైజు, చిల్లర తేడా అన్నీ ఏరుకునేది.

ఒల్వెన్యాకి కళ్ళు పోయిన వారం వస్తే రిస్పర్‌కి ఒళ్ళు మండేది.

"ఏమయ్యా, అలా గోడ తడుముకుంటూ పోతావేం? నీకు ఇది చేతకాదు. నేను పుట్టినప్పట్నుంచి చేస్తున్నా, ఏ రోజైనా గోడకి గుద్దుకున్నానా?"

"నేర్చుకుంటున్నాను కదా రిస్పర్."

"కళ్ళు తెరిచి నేర్చుకో. నా టీ ఒలకబోశావు."

ఆఫీసులో ఒక నియమం ఉండేది. 'దయ' అనే మాట ఎవరూ అనకూడదు. అన్నవాళ్ళు అందరికీ టీ కాచాలి. అపోండి చేరిన కొత్తలో, "పెద్దాయనా, మీరు చేస్తున్నది ఎంత దయగల పని!" అనేసింది. ఒల్వెన్యా చెవిలో కందిరీగ దూరినట్టు లేచాడు.

"దయా? నాకా? నేను వ్యాపారిని తల్లీ! షాపు తలుపు సన్నగా ఉంటే లావుపాటి బేరం బయటే నిలబడిపోతుంది. తలుపు వెడల్పు చెయ్యడానికి డబ్బు తీసుకుంటాను. ఇందులో దయ ఎక్కడుంది? లే, టీ పెట్టు."

ఆ నెలంతా అపోండే టీ పెట్టింది. చెడ్డ అలవాటు ఓ పట్టాన పోదు కదా.

ఆయన బేరాలు ఎలా ఉండేవంటే, పరుపుల కొట్టు సంగతి చెప్పాలి. ఆ కొట్టువాడు ధరలన్నీ కాగితం మీద అందంగా రాయించి, ఫొటో తీసి, ఆ ఫొటోని వెబ్‌సైట్‌లో పెట్టాడు. రిస్పర్ ఫోన్ దాన్ని చూసి 'బొమ్మ' అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఒల్వెన్యా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీకు ఏ బేరం అక్కర్లేదు?"

"ఒమేరా, నా అన్నా, కళ్ళు కనపడనివాళ్ళు పరుపులు కొంటారా?"

"కొనక? నేల మీద పడుకుంటారనుకున్నావా?"

కొట్టువాడు సరేనన్నాడు. అపోండి ఆ ధరల్ని మామూలు అక్షరాల్లో రాసి పెట్టింది. తీరా చూస్తే ఫొటోలోని ధరలు ఒక్క రిస్పర్‌కే కాదు, ఫోన్‌లో 'డబుల్ పరుపు కిసుము' అని వెతికేవాళ్ళకీ దొరకడం లేదు. వెతికే యంత్రం కూడా ఆ బొమ్మని చదవలేకే వదిలేస్తోంది. అక్షరాలు పెట్టిన మర్నాటినుంచి పక్క జిల్లా సియాయానుంచి కూడా మనుషులు మోటారు సైకిళ్ళ మీద వచ్చి, పరుపు వెనక కట్టుకుని పోవడం మొదలుపెట్టారు. కొట్టువాడు సంతోషం పట్టలేక ఒల్వెన్యాకి దిండు ఇచ్చాడు. రిస్పర్ పరుపు మాత్రం అప్పటికే పక్క కొట్టులో కొనేసుకుంది.

సరస్సు ఒడ్డు హోటల్ సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ గది కావాలంటే ముందు వాళ్ళ వెబ్‌సైట్ 'నువ్వు మనిషివేనని రుజువు చేసుకో' అని అడిగేది. తొమ్మిది బొమ్మలు చూపించి, వాటిలో వీధి పక్కన ఉండే అగ్నిమాపక నీటి గొట్టాలు ఎక్కడున్నాయో చెప్పమనేది. రిస్పర్ ఫోన్ 'బొమ్మ, బొమ్మ, బొమ్మ' అని తొమ్మిదిసార్లు మొత్తుకుంది. అపోండి కళ్ళు చికిలించి చూసింది.

"పెద్దాయనా, ఎర్రగా, పొట్టిగా, చేతులు చాపి నిలబడ్డ ఈ మనిషి ఎవరు?"

ఆయనకీ తెలియలేదు. కింద సైకిల్ కొట్టువాణ్ణి పిలిస్తే అది పాల క్యాను అన్నాడు. కిసుములో నిప్పంటుకుంటే బకెట్లతో నీళ్ళు పోసేవాళ్ళే కానీ అలాంటి గొట్టం చూసిన నరమానవుడు లేడు. ఒల్వెన్యా వెళ్ళి మేనేజర్ ఎదురుగా కూర్చున్నాడు.

"అయ్యా, మీ హోటల్లో అమెరికా ఫైరింజన్ వాళ్ళు తప్ప ఇంకెవరూ దిగకూడదా?"

మేనేజర్ తనూ ప్రయత్నించి, తను మనిషినని రుజువు చేసుకోలేక, ఆ బొమ్మలు తీయించేశాడు. తర్వాత ఆ హోటల్లో పెళ్ళిళ్ళ సీజన్‌కి గదులు దొరకలేదు.

ఇలా చిన్నచిన్న పనులు జరుగుతున్నా, ఆ ఏడాది పెద్దవానలు మొదలయ్యేసరికి కంపెనీకి అద్దె గడవడమే కష్టమైంది. పెద్ద బేరం ఒక్కటి తగిలితే నిలబడుతుంది, లేకపోతే నెలాఖరుకి తలుపు మూసెయ్యాలి. మూసేస్తే అపోండి నైరోబీలో బాబాయి సిమెంటు కొట్టులో బిల్లులు రాయాలి. బాబాయి అప్పటికే ఆ పిల్లకి స్టూలు కూడా కొనిపెట్టాడు. ఆ స్టూలు తలుచుకుంటేనే అపోండికి నిద్ర పట్టేది కాదు.

ఆ పెద్ద బేరం పేరు ఒగాడా. కిసుము నుంచి నైరోబీకి, మొంబాసాకి నడిచే ఒగాడా బస్సుల యజమాని. కుర్రతనంలో తనే డ్రైవరుగా మొదలుపెట్టి, ఒక్క బస్సుని వీధి నిండా బస్సులు చేశాడు. ప్రతి బస్సు వెనకా ఆయన బొమ్మే, స్టీరింగ్ పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నట్టు. అంత పెద్దమనిషిని ఊళ్ళో అందరూ 'జదువోంగ్' అనే పిలిచేవాళ్ళు, పెద్దయ్యా అన్నట్టు. ఆయన మనసు వెన్న. వీధిలో కుంటుతున్న కోడిని చూసినా కారు ఆపేవాడు.

ఆయన్ని కలవడానికి వెళ్ళిన సోమవారం ఒల్వెన్యాకి కుడిచెయ్యి లేదు. మెడలోంచి గుడ్డ కట్టుకుని, చెయ్యి అందులో పెట్టుకుని వచ్చాడు. అపోండి మెట్ల దగ్గరే బతిమాలింది.

"పెద్దాయనా, ఇవాళ ఒక్కరోజుకి చెయ్యి తెచ్చుకోండి. పెద్ద బేరం."

"వ్యాపారంలో నిజాయితీ ఉండాలి తల్లీ. సోమవారం పోయింది, శుక్రవారం దాకా రాదు."

ఒగాడా ఆ చెయ్యి చూసి అదిరిపడ్డాడు.

"అయ్యయ్యో! చెయ్యికి ఏమైంది?"

"పోయింది, జదువోంగ్."

ఒగాడా కుర్చీలోంచి లేచాడు. తనే టీలో చక్కెర కలిపి, ఊది, కప్పు ఒల్వెన్యా నోటికి అందించాడు. ఒల్వెన్యా మొహమాటం లేకుండా తాగాడు.

"ఎప్పుడు పోయింది నాయనా?"

"ఇవాళ పొద్దునే."

పక్కనున్న మేనేజర్ వంగి ఒగాడా చెవిలో ఏదో చెప్పాడు. ఒగాడా కప్పు కింద పెట్టి, నెమ్మదిగా తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

అయినా వినడానికి ఒప్పుకున్నాడు. రిస్పర్ ఆ వెబ్‌సైట్‌లో టికెట్ కొనలేక, బస్టాండుదాకా వచ్చి, వరసలో నిలబడి, తీరా సీటు లేక తిరిగిపోయిన కథ అపోండి చెప్పేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. జేబురుమాలు తీశాడు.

"చాలమ్మా, చాలు. నేను ఒకటి నిర్ణయించాను. ఏడాదికోసారి అలాంటివాళ్ళందరికీ ఒక బస్సు. నైరోబీ పోనూ రానూ ఉచితం. పూలు కట్టిస్తాను, బ్యాండు పెట్టిస్తాను, పేపర్లో ఫొటో వేయిస్తాను. ఏదో నాకు చేతనైన దయ."

అపోండి కళ్ళు మూసుకుంది. ఒల్వెన్యా కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"జదువోంగ్, నేను మీకు టికెట్లు అమ్మమని చెప్పడానికి వచ్చాను. ఊరికే ఇమ్మని కాదు."

"ఉచితంగా ఇస్తానంటే వద్దంటావేమయ్యా!"

"బ్యాండు రోజు సరే. మిగతా రోజుల్లో రిస్పర్ నైరోబీ వెళ్ళాలంటే ఏ బస్సెక్కాలి? దయ అయితే మీరు ఏడాదికోసారి చేస్తారు. లాభమైతే రోజూ చేస్తారు, చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా అక్కర్లేదు. ఆ పక్క గదిలో అంతమంది అమ్మాయిలు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు కదా, వెబ్‌సైట్ ఉండగా జనం ఎందుకు ఫోన్లు చేస్తున్నారు? అక్కడ కొనలేక. ఆ ఫోన్ కూడా తగలనివాళ్ళు పక్క కంపెనీ బస్సెక్కుతున్నారు. ఇంతకీ మీకు ఏ బేరం అక్కర్లేదు?"

ఒగాడా మొహం ఎర్రబడింది. ఆ వెబ్‌సైట్ ఆయన మేనల్లుడు చేశాడు. ఎంతో అందంగా ఉందని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

"సరే. రేపు మధ్యాహ్నం బస్టాండుకి రా. మావాళ్ళందరి ముందూ చూపించు. తప్పు మాదని తేలితే పని నీదే. తేలకపోతే మాత్రం మళ్ళీ నా మెట్లు ఎక్కకు."

మంగళవారం మధ్యాహ్నం బస్టాండులో ఎండ మాడ్చేస్తోంది. డ్రైవర్లు, కండక్టర్లు, టికెట్లకి పిలిచేవాళ్ళు, మేనేజర్లు చుట్టూ మూగారు. ఉడికిన గుడ్లు అమ్మే ఆవిడ కూడా తన పళ్ళెం, ఉప్పునీళ్ళలో నానేసిన ఉల్లిపాయ ముక్కల గిన్నె తెచ్చుకుని మంచి చోటు చూసి నిలబడింది. అపోండి ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కొత్త ఫోన్ తుడిచి, పూర్తిగా చార్జి పెట్టి, అన్నీ సరిచూసి తెచ్చింది.

ఒల్వెన్యా ఎడంచేత్తో ఫోన్ ఒగాడాకి అందించాడు.

"ఎవర్నో పిలవడం ఎందుకు జదువోంగ్, మీరే కొనండి. కళ్ళున్నాయి, చేతులున్నాయి, వెబ్‌సైట్ మీది. ఈ ఎండలో నిలబడి ఒక్క టికెట్ కొనగలిగితే తప్పు నాదే."

ఆయన లెక్కంతా ఎండ మీద. ఆ వెబ్‌సైట్‌లో అక్షరాలు బూడిదరంగులో, పల్చగా ఉండేవి. ఎండలో ఎవరికీ కనపడవు. కానీ ఒగాడావి డ్రైవరు కళ్ళు, గట్టివి. చెయ్యి అడ్డం పెట్టుకుని, 'నైరోబీ' నొక్కాడు, 'రేపు' నొక్కాడు, జనం 'ఓహో' అన్నారు. మేనేజర్లు ఒల్వెన్యా వైపు చూసి నవ్వుకున్నారు. అపోండికి బాబాయి స్టూలు కళ్ళముందు నిలిచింది.

ఇక మిగిలింది సీటు ఎంచుకోవడం. బస్సు బొమ్మలో చిన్నచిన్న గళ్ళు, వాటి మీద అంకెలు లేవు. ఎర్రవి నిండినవి, పచ్చవి ఖాళీవి. ఒగాడా ఒక గడి నొక్కాడు. 'ఈ సీటు లేదు' అని వచ్చింది. ఇంకోటి నొక్కాడు. మళ్ళీ లేదు.

"జదువోంగ్, అది ఎర్రది కదా," అన్నాడో డ్రైవరు. "పక్కనే పచ్చది ఉంది చూడండి."

"ఏదీ?"

"అదే, ఆ పచ్చది!"

ఒగాడా వేలు గాలిలో ఆగిపోయింది. నెమ్మదిగా దిగి ఒక గడి మీద వాలింది. అదీ ఎర్రదే. ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. ఇద్దరు డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అపోండికి అర్థమైపోయింది. ఆయనకి ఎరుపూ పచ్చా ఒకటే. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకుండా దాచుకున్నాడు. ఆయన వెనక బస్సు మీద స్టీరింగ్ పట్టుకున్న బొమ్మ, ముందు ఆయన నమ్మి బస్సులు అప్పజెప్పిన డ్రైవర్లందరూ. అయినా సరే, ఆ పిల్ల గుండె ఎగిరి గంతేసింది. గెలిచాం! యజమానే తన బస్సు టికెట్ కొనలేకపోయాడు! ఇక ఒల్వెన్యా ఆ ప్రశ్న అడగడమే తరువాయి.

ఒల్వెన్యా నోరు తెరిచాడు. ఒగాడా నుదుటి మీంచి చెమట కారుతోంది. ఆయన ఎవరి మొహమూ చూడడం లేదు.

అప్పుడు, మంగళవారం నాడు, ఒల్వెన్యా కుడిచెయ్యి గుడ్డలోంచి బయటికొచ్చింది. వచ్చి ఒగాడా చేతిలో ఫోన్ లాక్కుంది.

"ఛీ ఛీ, ఇదేం ఫోన్!" అని ఒల్వెన్యా అరిచాడు. "రంగులన్నీ కలిసిపోయాయి! ఇందులో ఎరుపెక్కడ, పచ్చెక్కడ? నాకే తెలియడం లేదు, జదువోంగ్‌కి ఎలా తెలుస్తుంది! అపోండీ, తెర పోయింది, బాగుచేయించమని చెప్పానా లేదా? పెద్దమనిషి చేతికి ఇలాంటి డబ్బా ఇస్తావా?"

"ఏదీ, చూడనీ," అని డ్రైవరు చెయ్యి చాచాడు.

"చూడు, నువ్వే చూడు," అంటూ ఒల్వెన్యా ఫోన్ అందించబోయి జారవిడిచాడు. అది తిన్నగా గుడ్లామె ఉల్లిపాయ గిన్నెలో పడి మునిగింది. గుడ్లామె ఒల్వెన్యా తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టింది. ఆయన మోచేతిదాకా ఉల్లిపాయల్లో వెతుకుతుంటే బస్టాండంతా పగలబడి నవ్వింది. ఒగాడా ఒక్కడే నవ్వలేదు. తిన్నగా వెళ్ళి కారెక్కాడు.

"సరంజామా సరిగ్గా లేనివాళ్ళు మాకు పాఠాలు చెప్పడానికొచ్చారు," అన్నాడు మేనేజర్. "ఇక దయచెయ్యండి."

దారి పొడుగునా అపోండి ఏడ్చినంత పని చేసింది.

"ఫోన్ బాగుంది! నేనే చూసి తెచ్చాను!"

"పాడైపోయింది తల్లీ."

"ఇప్పుడు పాడైంది! చేతిదాకా వచ్చిన బేరాన్ని ఉల్లిపాయల్లో పడేశారు. ఆయన మీద అంత దయ..."

"టీ," అన్నాడు ఒల్వెన్యా. అని, చెయ్యి మళ్ళీ గుడ్డలో పెట్టుకున్నాడు.

ఆఫీసులో టీ కాస్తూ అపోండి జరిగిందంతా రిస్పర్‌కి చెప్పింది. ఒల్వెన్యా కింద సైకిల్ కొట్టులో ఫోన్ ఆరబెడుతున్నాడు.

"మంగళవారమే చెయ్యి వచ్చిందా?" అంది రిస్పర్. "అబ్బో. అయితే పెద్ద సంగతే."

"మన కొంప మునిగింది, మీకు నవ్వులాటగా ఉందా అత్తా?"

"కూర్చో. నీకు చక్కెర సంగతి చెప్పలేదు కదూ. మేం మొదలుపెట్టిన కొత్తలో ఈయన చేతులూ కాళ్ళూ సోమవారాలు పోయేవి కావు. నన్నే వెంటపెట్టుకెళ్ళేవాడు. ఒక కిరాణా కొట్టుకి వెళ్ళాం. వాళ్ళ వెబ్‌సైట్‌లో నేను సబ్బు కొనబోతే ఎక్కడ చిక్కుకుంటున్నానో చూపించాలని. ఆ కొట్టాయన నా చేతికర్ర చూశాడు, అంతే. వెబ్‌సైట్ చూడనే లేదు. గుమాస్తాలందర్నీ పిలిచి నా కోసం ప్రార్థన చేయించాడు. సంచీ నిండా చక్కెర పోసి చేతిలో పెట్టాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు."

"మీకు ఎంత అవమానం!"

"నాకేం అవమానమే? మంచి చక్కెర. రెండు నెలలు వాడుకున్నా. అవమానం ఒల్వెన్యాకి. ఆ పై సోమవారం మొదటిసారి కుడిచెయ్యి పోయింది. అప్పట్నుంచి నన్ను ఏ కొట్టుకీ తీసుకెళ్ళడు. వస్తానని నేనే మొత్తుకున్నా వినడు. నలుగురిలో ఎవరో ఒకరు నవ్వులపాలు కావాలంటే అది తనే అవుతాడు. నీకు ఇన్నాళ్ళూ ఏమనిపించింది, పిచ్చనుకున్నావా?"

అపోండి లేచి టీ వడకట్టింది. ఆ పిల్లకి కోపం పూర్తిగా పోలేదు కానీ, ఒల్వెన్యా కప్పులో ఆ పూట చక్కెర ఎక్కువ వేసింది.

తరవాతి సోమవారం ఒల్వెన్యా ఆఫీసుకి అన్నీ ఉన్న మనిషిగా వచ్చాడు. చేతులు రెండు, కళ్ళు రెండు, చెవులు రెండు. అపోండి భయపడిపోయింది.

"పెద్దాయనా, ఒంట్లో బాగానే ఉందా?"

"ఇంటాయన పొద్దున కలిశాడు తల్లీ. నెలాఖరుకి గది ఖాళీ చేస్తామని చెప్పాను. నువ్వు నైరోబీకి టికెట్..." అని ఆగాడు. "ఏ బస్సైనా ఫరవాలేదు."

రిస్పర్ చెయ్యెత్తి, "ఉండండి. మెట్ల మీద ఎవరో వస్తున్నారు. ఖరీదైన బూట్లు," అంది.

తలుపు తోసుకుని ఒగాడా వచ్చాడు, ఒంటరిగా. కుడిచెయ్యి మెడలోంచి కట్టిన గుడ్డలో ఉంది.

అపోండి లేచి నిలబడింది. "జదువోంగ్! చెయ్యికి ఏమైంది?"

"పోయిందమ్మా," అన్నాడు ఒగాడా గంభీరంగా. "ఇవాళ పొద్దునే. ఎడంచేత్తో నా వెబ్‌సైట్‌లో టికెట్ కొనబోయాను. మూడో పేజీకి వెళ్ళేసరికి, ఆలస్యమైందని నన్ను మొదటి పేజీకి తోసేసింది. ఇలా అయితే వ్యాపారం సాగదు. కాగితాలు రాయండి, పని మీది."

ఒల్వెన్యా కుర్చీ చూపించాడు. ఒగాడా కూర్చున్నాడు కానీ ఇంకా ఏదో చెప్పాలన్నట్టు బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఆ సీట్ల మీద అంకెలు వెయ్యాలి. నిండినవాటి మీద మనిషి బొమ్మో, అడ్డగీతో ఏదో ఒకటి. ఎందుకంటే... బస్టాండులో ఎండ ఎక్కువ. ఎండలో రంగులు తెలియవు."

"అస్సలు తెలియవు," అన్నాడు ఒల్వెన్యా. "ఎండ అలాంటిది."

"నైరోబీలో సిగ్నల్ దీపాలు నయం. పైన వెలిగితే ఆగాలి, కింద వెలిగితే కదలాలి. అందులో తప్పు పడడానికేం లేదు."

"ఏమీ లేదు, జదువోంగ్."

అపోండి కాగితాలు తేవడానికి పక్క గదిలోకి వెళ్ళి, అక్కడ ఎవరూ చూడకుండా గెంతింది.

కొత్త వెబ్‌సైట్ తయారయ్యాక ఒగాడా బస్సుల సంగతి చూడాలి. ఆయన ఆఫీసు పక్క గదిలో ఫోన్లు మోగడం మానేశాయి. ఆ అమ్మాయిల్ని పార్సిళ్ళ పనిలోకి మార్చి, అదివరకు ఎత్తేద్దామనుకున్న పార్సిల్ సర్వీసుని లాభంలోకి తెచ్చాడు. కళ్ళజోడు మర్చిపోయిన ముసలివాళ్ళు, చంకలో బిడ్డతో ఒంటిచేత్తో ఫోన్ నొక్కే తల్లులు, పగిలిన తెరలవాళ్ళు, అందరూ ఇంట్లో కూర్చుని టికెట్లు కొన్నారు. అందరూ వాడుకోలేని కంపెనీతో బేరం చెయ్యకూడదని నియమం పెట్టుకున్న ఒక పెద్ద సంస్థ తన ఉద్యోగుల ప్రయాణాలన్నీ ఒగాడాకే ఇచ్చింది. రిస్పర్ తన టికెట్ తనే కొనుక్కుని నైరోబీ వెళ్ళొచ్చి, బస్సులో సీటు కింద ఎవరో వేరుశనగ తొక్కలు వేశారని ఒగాడాకి ఫోన్ చేసి కడిగేసింది. ఇదంతా ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే ఒగాడా, "ఎండ వల్ల," అనేవాడు.

మొదటి టికెట్ మాత్రం ఆయనే కొన్నాడు. అదే బస్టాండు, అదే మిట్టమధ్యాహ్నం, అదే జనం. ఫోన్ కూడా అదే, ఆరింది కానీ ఉల్లిపాయ వాసన పోలేదు. ఒగాడా దాన్ని పట్టుకుని డ్రైవరు వెనక ఒకటో నంబరు సీటు నొక్కాడు. మొదటి దెబ్బకే టికెట్ వచ్చింది. డ్రైవర్లందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఫోన్ ఎత్తి అందరికీ చూపించాడు.

ఆ వారం ఒల్వెన్యాకి చెవులు లేవు. రెండింట్లోనూ దూది కుక్కుకుని, జనానికి దూరంగా, గుడ్లామె దగ్గర నిలబడ్డాడు. ఒగాడా జనాన్ని తప్పించుకుని ఆయన దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఒల్వెన్యా, ఆ రోజు నువ్వు చేసింది నేను మర్చిపోను. నువ్వు చాలా దయగల మనిషివయ్యా."

ఒల్వెన్యా ఆయన మొహంలోకి అమాయకంగా చూసి, వేలితో రెండు చెవులూ చూపించాడు.

"వినపడదు, జదువోంగ్. శుక్రవారం దాకా."

ఒగాడా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అపోండి చూస్తూనే ఉంది. ఒల్వెన్యా వీపు వెనక, గుడ్లామె పళ్ళెం సర్దుకుంటూ తనలో తను గొణుక్కుంది.

"ఈ ఒక్క గుడ్డూ ఇంకా వేడిగా ఉంది, ఎవరికివ్వనో."

"ఇటియ్యమ్మా," అన్నాడు ఒల్వెన్యా చటుక్కున వెనక్కి తిరిగి. "ఉల్లిపాయలు మాత్రం వద్దు."